పాత స్లాబు వంతెనకు వైర్ రోప్ బిగించి బలం ఎక్కించడం: కాలువ బంద్ నెలల్లో చేసే పని, మొదటి నుంచి చివరిదాకా

మిర్యాలగూడ, హాలియా, నిడమనూరు వైపు సాగర్ ఎడమ కాలువ మీదా దాని మేజర్ల (పెద్ద పిల్ల కాలువల) మీదా ఉన్న వంతెనల్లో చాలా వాటికి ఇంచుమించు కాలువకున్నంత వయసు ఉంటుంది. సాగర్ కాలువలకు నీళ్లు వదిలింది 1967 ఆగస్టులో. అప్పట్లో వాటి మీద నడిచింది ఎడ్లబండ్లు, ఎప్పుడో ఒక లారీ. ఇప్పుడు రైస్ మిల్లులకు వెళ్లే ధాన్యం లారీలు, హార్వెస్టర్ని ఎక్కించుకున్న ట్రక్కులు, ఇసుక టిప్పర్లు నడుస్తున్నాయి. 2018లో కేంద్రం మూడు ఇరుసుల లారీ మొత్తం బరువు పరిమితిని 25 టన్నుల నుంచి 28.5 టన్నులకు పెంచింది, వంతెనలు మాత్రం అవే. అన్నీ కూలగొట్టి కొత్తవి కట్టేంత డబ్బు ఏ శాఖ దగ్గరా లేదు కాబట్టి, కింది నుంచి ఉక్కు వైర్ రోప్‌లు లాగి బిగించి, వాటి మీద పాలిమర్ మోర్టార్ (జిగురు లాంటి పాలిమర్ కలిపిన సిమెంటు మోర్టార్) పొర వేసి బలం ఎక్కించే పద్ధతి గురించి రాస్తున్నాను. సైటు మీద నిలబడే ఏఈలకు (అసిస్టెంట్ ఇంజినీర్లకు), వర్క్ ఇన్‌స్పెక్టర్లకు, చిన్న కాంట్రాక్టర్లకు పనికొచ్చేలా. డిజైన్ మాత్రం స్ట్రక్చరల్ ఇంజినీరే చేయాలి, దాన్ని ఎన్ఐటీ వరంగల్, ఓయూ ఇంజినీరింగ్ కాలేజీ లాంటి చోట ప్రూఫ్ చెక్ చేయించాలి. ఇది చదివి రేపే జాక్ పట్టుకుని బయల్దేరకండి.

ముందు ఏ వంతెనకు పనికొస్తుంది, దేనికి పనికిరాదు

ఇక్కడ చాలామంది తప్పుదారి పడతారు. ఈ పద్ధతిలో వాడేది సన్నని రోప్, సాధారణంగా 3 నుంచి 4 మి.మీ. లావు ఉంటుంది. 4 మి.మీ. రోప్‌లో అసలు ఉక్కు విస్తీర్ణం సుమారు 7 చదరపు మి.మీ. అనుకోండి. టీ-బీమ్ వంతెనలో (స్లాబు కింద దూలాలు ఉండే రకం) బీమ్ కింది వెడల్పు 300 మి.మీ. ఉంటే, 30 మి.మీ.కి ఒకటి చొప్పున తొమ్మిదో పదో రోప్‌లు పడతాయి. వాటి ఉక్కంతా కలిపినా 10 మి.మీ. రాడ్ ఒక్కదానికంటే తక్కువే. రోప్ ఉక్కు మామూలు రాడ్ కంటే మూడు రెట్లు గట్టిదే కావచ్చు, కానీ ఆ బీమ్‌లో ఇప్పటికే 32 మి.మీ. రాడ్లు పది దాకా ఉంటాయి, వాటి పక్కన ఇదెంత? పెద్ద టీ-బీమ్‌కి లావు స్ట్రాండ్‌తో (మెలివేసిన ఉక్కు తీగల కట్టతో) బయటి ప్రీస్ట్రెస్, అంటే బయటి నుంచి లాగి బిగించడం, చేయాలి. అది వేరే పని, వేరే ఖర్చు.

అదే సాలిడ్ స్లాబు వంతెన అయితే లెక్క మారిపోతుంది. కింద మొత్తం వెడల్పూ మీ చేతిలో ఉంటుంది. మీటరు వెడల్పుకి 33 రోప్‌లు, అంటే 230 చదరపు మి.మీ. ఉక్కు. 5 నుంచి 8 మీటర్ల స్లాబు వంతెనలు, పెద్ద స్లాబు మోరీలు దీనికి సరిగ్గా సరిపోతాయి, మన కాలువల మీద ఎక్కువగా ఉండేవీ అవే.

పనికిరాని చోట్లు కూడా చెప్పుకోవాలి. నిజాం కాలపు రాతి కమాను వంతెనలకు ఇది వద్దు, వాటి బలమంతా నొక్కుడులోనే ఉంటుంది, కింద రోప్ లాగి బిగిస్తే మేలు కంటే కీడే ఎక్కువ. వాగుల్లో ఇసుక తోడేసి పునాదులు బయటపడిన వంతెనకు ముందు పునాది సంగతి చూడాలి, ఊకచెట్టు వాగైనా డిండి వాగైనా అంతే, పైన స్లాబుకి ఎంత ఖర్చు పెట్టినా కింద కాలు జారితే పోయినట్టే. కాంక్రీటు బలం 15 మెగాపాస్కల్ (చదరపు మి.మీ.కి 15 న్యూటన్లు) కంటే తక్కువ వస్తే కూడా ఆపేయండి, అలాంటి కాంక్రీటు ఏ పొరనీ పట్టుకోలేదు.

ఇంకో నియమం నేను డిజైనర్ని తప్పకుండా అడిగేది: రేపు ఏ కారణం చేతైనా రోప్‌లన్నీ తెగిపోయాయనుకుందాం, అప్పుడు కూడా వంతెన తన బరువూ మామూలు రాకపోకలూ మోస్తూ నిలబడుతుందా? నిలబడదంటే అది బలం ఎక్కించాల్సిన వంతెన కాదు, మార్చాల్సిన వంతెన.

పరీక్షలు

చిన్న సుత్తి ఒకటి తీసుకుని స్లాబు అడుగు మొత్తం కొట్టుకుంటూ వెళ్లండి. గట్టి చోట ఖంగుమంటుంది, బోలు చోట డబడబమంటుంది. బోలు చోట్లన్నీ సుద్దతో గీసి ఫొటోలు తీయండి. ఆ తర్వాత రీబౌండ్ హామర్ (పైపై గట్టిదనం చూసేది), కవర్ మీటర్ (లోపలి రాడ్లు ఎక్కడ, ఎంత లోతులో ఉన్నాయో చూపేది), నాలుగైదు కోర్లు (బలం పరీక్షకి కోసి తీసే కాంక్రీటు ముక్కలు).

కార్బనేషన్ పరీక్ష (గాలిలోని కార్బన్ డయాక్సైడ్ కాంక్రీటుని ఎంత లోతు దాకా చెడగొట్టిందో చూసేది) చవకైనది, కానీ చాలామంది వదిలేస్తారు. కొత్తగా పగలగొట్టిన కాంక్రీటు మీద ఫినాఫ్తలీన్ ద్రావణం చల్లితే బాగున్న భాగం గులాబీ రంగులోకి తిరుగుతుంది, చెడిపోయిన భాగం రంగు మారదు. ఆ రంగు మారని లోతు రాడ్ దాకా వచ్చిందా లేదా అన్నదే ప్రశ్న. దీంతోపాటు క్లోరైడ్ (ఉప్పు) పరీక్ష, హాఫ్ సెల్ (రాడ్ల వోల్టేజీ కొలిచి తుప్పు పట్టే పరీక్ష) కూడా చేయించండి. హాఫ్ సెల్ రీడింగ్ మైనస్ 350 మిల్లీవోల్టుల కంటే కిందికి పోతోందంటే లోపల తుప్పు నడుస్తున్నట్టే దాదాపు ఖాయం. క్లోరైడ్ ఎక్కిన స్లాబుకి పైపైన మోర్టార్ పూస్తే కొత్తగా కనిపిస్తుంది, లోపల తుప్పు తన పని తాను చేసుకుంటూనే ఉంటుంది, పైన పటారం లోన లొటారం అన్నట్టు.

కాలువ వంతెనైతే నీటిపారుదల శాఖ, ఊరి రోడ్డు అయితే పంచాయతీరాజ్, పెద్ద రోడ్డు అయితే ఆర్ అండ్ బీ. కొన్ని చోట్ల వంతెన ఒకరిది, రోడ్డు ఇంకొకరిది, అనుమతికే సగం సీజన్ పోతుంది. జనవరిలోనే కాగితాలు కదపండి.

పైన ఉన్న తారు బరువు తీసేయండి

రోప్ కంటే ముందు చేయాల్సిన పని ఇది, ఖర్చు కూడా తక్కువే. రోడ్డు వేసిన ప్రతిసారీ వంతెన మీద కూడా ఒక పొర తారు వేసుకుంటూ పోతారు, కొన్ని చోట్ల కర్బ్ రాళ్లు మునిగిపోయి ఉంటాయి. 50 మి.మీ. తారు అంటే చదరపు మీటరుకి 115 కిలోలు. 6 మీటర్ల స్పాను (ఆనుడు నుంచి ఆనుడుకి దూరం), 7 మీటర్ల వెడల్పు ఉన్న వంతెన మీద అలాంటి పొరలు మూడు ఉంటే 14 టన్నుల పైమాటే. ఒక లారీ రాత్రీ పగలూ ఆ వంతెన మీదే ఆగి ఉన్నట్టు లెక్క.

ఇంకోలా చూడండి. 500 మి.మీ. మందం, 6 మీటర్ల స్పాను ఉన్న స్లాబులో ఆ మూడు పొరల తారు వల్ల నడి స్పానులో వచ్చే మొమెంట్ (స్లాబుని వంచే ప్రభావం) మీటరు వెడల్పుకి సుమారు 15.5 కిలోన్యూటన్ మీటర్లు. కింద చెప్పబోయే రోప్‌లన్నీ కలిసి నష్టాలు పోను ఇచ్చే ఎదురు మొమెంట్ సుమారు 30. అంటే రోప్‌తో వచ్చే సాయంలో సగం, మిల్లింగ్ మిషన్ ఒక్క పూటలో ఇచ్చేస్తుంది. తీసేసిన చోట వాటర్‌ప్రూఫింగ్ చేసి ఒక్క పొరే వేయించండి, డ్రైనేజీ గొట్టాల నోళ్లు తెరిపించండి.

పెచ్చులు తీయడం, తుప్పు కడగడం

ఊడుతున్న పెచ్చులన్నీ గట్టి కాంక్రీటు తగిలేదాకా తీసేయాలి. తుప్పు పట్టిన రాడ్ వెనక వేలు దూరేంత ఖాళీ చేయాలి, లేదంటే రాడ్ వెనక తుప్పు అలాగే మిగిలిపోతుంది. శాండ్ బ్లాస్టింగ్ దొరికితే మేలు, లేకపోతే వైర్ బ్రష్ గ్రైండర్. ఎక్కువ తినేసిన రాడ్‌కి పక్కన కొత్త రాడ్ కట్టాలి, జింక్ ప్రైమర్ పూయాలి, పాలిమర్ మోర్టార్‌తో గుంట నింపాలి. 0.3 మి.మీ. దాటిన పగుళ్లకు ఎపాక్సీ ఇంజెక్షన్.

తర్వాత మొత్తం అడుగు భాగాన్ని చిప్పింగ్ చేసి గరుకు చేయాలి, గచ్చు పాలు పోయి కంకర కనిపించాలి. ఇక్కడ ఒక మెలిక ఉంది. గరుకు కావాలి, కానీ ఎగుడు దిగుడు వద్దు. పాత సెంట్రింగ్ చెక్కలు ఉబ్బిన చోట స్లాబు అడుగున బొడిపెలు ఉంటాయి, రోప్ లాగినప్పుడు ఆ బొడిపె మీద ఒరుసుకుంటుంది, అక్కడే తీగలు తెగడం మొదలవుతుంది. దారం కట్టి చూసి బొడిపెలన్నీ చెక్కించండి. ఆఖరున కంప్రెసర్‌తో దుమ్ము ఊదించి, నీళ్లతో కడగండి.

యాంకర్లు

రోప్ చివరలు పట్టుకునే ఉక్కు ప్లేట్లు లేదా యాంగిల్స్ ఆనుడు గోడల దగ్గర స్లాబు అడుగున బోల్టులతో బిగిస్తారు. ఒక్కో రోప్‌ని 600 మెగాపాస్కల్‌కి లాగుతున్నామంటే ఒక్కోదానిలో 4.2 కిలోన్యూటన్లు, మన మాటలో సుమారు 430 కిలోలు. 33 రోప్‌లకు మీటరు వెడల్పులో 14 టన్నులు. 7 మీటర్ల వంతెనకి దాదాపు వంద టన్నుల లాగుడంతా ఆ బోల్టులే మోయాలి. కాబట్టి రంధ్రాల పనిలో తొందర పనికిరాదు.

కవర్ మీటర్‌తో రాడ్లు ఎక్కడున్నాయో గీసుకున్నాకే డ్రిల్లింగ్. రాడ్ తగిలితే రంధ్రం జరపాలి కానీ రాడ్ కోయకూడదు, ప్లేట్‌ రంధ్రాలు కూడా ఆ గీతలు చూశాకే వేయించుకుంటే గొడవ ఉండదు. రంధ్రం వేశాక ఊదాలి, బ్రష్ వేయాలి, మళ్లీ ఊదాలి. దుమ్ము మిగిలిన రంధ్రంలో కెమికల్ యాంకర్ (బోల్టుని పట్టి ఉంచే రసాయన జిగురు) ఎంత ఖరీదైనదైనా దుమ్ముకే అంటుకుంటుంది, కాంక్రీటుకి కాదు. ప్లేటుకీ కాంక్రీటుకీ మధ్య ఖాళీ లేకుండా ఎపాక్సీ నింపండి. లాగుడు పరీక్ష కొన్నింటికైనా తప్పనిసరి, ఆ కొన్ని ఏవో మీరే ఎంచుకోండి, మేస్త్రీ చూపించినవి కాకుండా.

రోప్ ఎంపిక, ముందుగా సాగదీయడం

బయట తేమలో ఉండే వంతెనకు స్టెయిన్‌లెస్ రోప్ తీసుకోండి. జింక్ పూత ఉన్నది చవకే కానీ పొడి చోట్లకు పరిమితం. చైనా వాళ్ల కోడ్ జీబీ 50367లో, 2013 ప్రతిలో, ఈ రోప్–పాలిమర్ మోర్టార్ పద్ధతికి విడిగా ఒక అధ్యాయమే ఉంది. డిజైనర్లు ఎక్కువగా అదే చూస్తారు, మన ఐఆర్‌సీ (ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్) ఎస్పీ 40తో కలిపి.

కొత్త రోప్‌లో తీగలు ఒకదాని మీద ఒకటి వదులుగా చుట్టి ఉంటాయి. మొదటిసారి లాగినప్పుడు అవి సర్దుకుంటాయి, ఆ సాగుడు తిరిగి రాదు. దాన్ని ముందే తీసేయకపోతే ఈ రోజు బిగించింది వారానికల్లా వదులవుతుంది. అందుకని విరిగే బలంలో సగం దాకా రెండు మూడు సార్లు లాగి వదిలిన తర్వాతే కొలిచి కోయాలి. కోసిన చివరలకు గొట్టం లాంటి ఫెర్రూల్ తొడిగి హైడ్రాలిక్ ప్రెస్‌తో నొక్కుతారు. ఫెర్రూల్ పట్టు రోప్ విరిగే బలం కంటే తక్కువ ఉండకూడదు, నమూనాలు లాగించి చూస్తే రోప్ తెగాలి కానీ ఫెర్రూల్ జారకూడదు.

అన్ని రోప్‌లూ ఒకే పొడవు ఉండాలి. ఎందుకో పక్క పేరాలో లెక్క చూస్తే తెలుస్తుంది.

లాగడం

యాంకర్ నుంచి యాంకర్‌కి 5.4 మీటర్లు అనుకుందాం. రోప్ సాగుడు గుణకం మామూలు ఉక్కులా 2 లక్షలు కాదు, చుట్టు వల్ల 1.1 లక్షల మెగాపాస్కల్ దగ్గర ఉంటుంది, మీ రోప్ విలువ ల్యాబ్‌లో తీయించండి. 600ని 1,10,000తో భాగించి 5,400తో హెచ్చిస్తే 29.5 మి.మీ. సాగుడు. అంటే ఒక రోప్ 3 మి.మీ. పొడవు తేడాతో కోస్తే దాని లాగుడు పదో వంతు తప్పినట్టే. టేపుతో అటూ ఇటూగా కొలిచే పని కాదిది.

లాగేటప్పుడు మూడు దశలు: ముందు 20 శాతం, తర్వాత 60, తర్వాత పూర్తి. 20 శాతం దగ్గర రోప్ మీద గుర్తు పెట్టి అక్కడి నుంచి సాగుడు కొలవండి, పూర్తి లాగుడుకి మన ఉదాహరణలో ఇంకో 23.6 మి.మీ. రావాలి. జాక్ గేజీ చెప్పే బలమూ, స్కేలు చెప్పే సాగుడూ రెండూ కలవాలి. గేజీ సరిగ్గా ఉండి సాగుడు తక్కువ వస్తే రోప్ ఎక్కడో ఒరుసుకుంటోంది. సాగుడు ఎక్కువ వస్తే ఫెర్రూలో ప్లేటో జారుతోంది. రెండూ కలవకపోతే పని ఆపి చూడాల్సిందే, గుంజేసి పోదాం అనుకోవద్దు.

వరస మధ్య నుంచి మొదలుపెట్టి ఎడమ ఒకటి, కుడి ఒకటి అంటూ అంచులకు వెళ్లాలి. ఒకే పక్క నుంచి లాగుతూ పోతే స్లాబు మెలితిరిగే లాగుడు పడుతుంది. అన్నీ అయ్యాక మొదట లాగినవి మళ్లీ చూడండి, కొంత వదులై ఉంటాయి, సరిచేయాలి. అర మీటరుకి ఒకటి చొప్పున చిన్న యూ క్లిప్పులు కొట్టి రోప్‌ని స్లాబుకి దగ్గరగా నిలపాలి, మోర్టార్ వేసేటప్పుడు అల్లాడకుండా.

రోప్ వరసలో ఎదురుగా మనిషి నిలబడకూడదు. తెగిన రోప్ కొరడాలా కొడుతుంది. చివరల దగ్గర మందపాటి ప్లైవుడ్ అడ్డం పెట్టి, జాక్ మనిషి పక్క నుంచి పనిచేయాలి, హెల్మెట్, కళ్లద్దాలతో. లాగడం మొదలైనప్పటి నుంచి మోర్టార్ గట్టిపడేదాకా పైన బండి పోకూడదు, ఊగుడుకి తడి మోర్టార్ స్లాబుని వదిలేస్తుంది. దారి మళ్లింపు ముందే చూసుకోండి, ధాన్యం కోతల వేళ రోడ్డు మూస్తే ఊళ్లో గొడవే.

ఈ బిగింపుతో ఏం వస్తుందంటే, మన ఉదాహరణ స్లాబు తన బరువుతో మీటరుకి సుమారు 56 కిలోన్యూటన్ మీటర్ల మొమెంట్ మోస్తుంటే, రోప్‌లు దానికి ఎదురుగా సుమారు 30 ఇస్తాయి. స్లాబు అడుగున ఒక మెగాపాస్కల్ దాకా నొక్కుడు వచ్చి సన్న పగుళ్లు మూసుకుంటాయి. బిగించకుండా ఊరికే రోప్‌లు పెట్టి మోర్టార్ వేస్తే ఇందులో ఏదీ రాదు, స్లాబు ఇంకా కిందికి వంగినప్పుడే రోప్ పనిలోకి దిగుతుంది.

మోర్టార్, ఎండ

అసలు తలనొప్పి ఇక్కడ. కాలువలో నీళ్లు ఆగేది సాధారణంగా యాసంగి అయ్యాక, మళ్లీ వానాకాలం నీళ్లు వదిలేలోపే పని అయిపోవాలి. ఆ నెలల్లోనే నల్లగొండలో 44, 45 డిగ్రీలు. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు, మరి 30 మి.మీ. మోర్టార్ పగలదా?

పని వేళ తెల్లవారుజాము 4 నుంచి పొద్దున 9 దాకా, అంతే. బస్తాలు ఎండలో కాకుండా నీడలో, నేల మీద కాకుండా పలకల మీద పెట్టండి. కలిపే నీళ్లలో ఐస్ వేసి చల్లబరచండి, కానీ ఐస్ కూడా కొలతలోకే వస్తుంది, కరిగాకే కలపాలి. నీళ్లు తూకం వేసి పోయాలి. కలిపింది గట్టిపడుతోందని మేస్త్రీ మళ్లీ చెంబుడు నీళ్లు పోస్తాడు, ఆ బ్యాచ్ పారబోయించండి, మొహమాటం వద్దు. ఒక్కసారి పారబోయిస్తే రెండోసారి పోయరు.

నీటి సంగతి కూడా. మన బోరు నీళ్లలో ఫ్లోరైడ్ ఉందని అందరికీ తెలుసు, మోర్టార్‌కి దానికంటే భయం ఉప్పు నుంచే. ఐఎస్ 456 (కాంక్రీటు పనుల భారత ప్రమాణం) ప్రకారం ఆర్‌సీసీకి కలిపే నీళ్లలో క్లోరైడ్ లీటరుకి 500 మిల్లీగ్రాములు, సల్ఫేట్ 400 దాటకూడదు, పీహెచ్ 6 కంటే తగ్గకూడదు. ఊరి బోరు నీళ్లు పరీక్ష చేయించి తేలకపోతే ట్యాంకర్ తెప్పించండి.

వేసే తీరు: స్లాబుని ముందు రోజు సాయంత్రం నుంచి తడిపి, వేసే సమయానికి పైన నీళ్లు మెరవకుండా తేమ మాత్రమే ఉండేలా చూడాలి. ఇంటర్‌ఫేస్ కోటు (పాత కాంక్రీటుకీ మోర్టార్‌కీ మధ్య అతుకు పూత) పూసి అది ఆరకముందే మొదటి పొర, 10 మి.మీ. వరకు, రోప్‌ల వెనక్కి దూరేలా బలంగా అదిమి వేయాలి. మొత్తం పనిలో నేను పక్కనే నిలబడి చూసేది ఈ మొదటి పొర. తాపీతో నున్నగా రాసేస్తే రోప్ వెనక గాలి మిగిలిపోతుంది, అక్కడ రోప్ కాంక్రీటుతో కలిసి పనిచేయదు. స్ప్రే మిషన్ దొరికితే అదే వాడండి. మొదటి పొర గట్టిపడటం మొదలయ్యాక, ఆరిపోకముందే రెండోది. మొత్తం 25 నుంచి 35 మి.మీ., రోప్ మీద 15 మి.మీ. తగ్గకుండా. యాంకర్ ప్లేట్లు కూడా మోర్టార్‌లో మూసేయాలి.

క్యూరింగ్ మామూలు సిమెంటులా పద్నాలుగు రోజులు నీళ్లు కొట్టడం కాదు. మొదటి ఒకటి రెండు రోజులు తేమ, గోనె పట్టాలతో గాలి తగలకుండా, తర్వాత ఆరనిస్తేనే లోపలి పాలిమర్ గట్టి పొర కడుతుంది. బస్తా మీద కంపెనీ రాసింది చదివి అదే చేయండి.

కార్బన్ ఫైబర్ అతికిస్తే పోదా అని అడుగుతారు. తేలిక, త్వరగా అవుతుంది, మంచిదే. కానీ దాన్ని పట్టి ఉంచే ఎపాక్సీ 60 డిగ్రీల దగ్గరే మెత్తబడటం మొదలుపెడుతుంది, మన దగ్గర వంతెనల కింద చెత్త తగలబెడతారు, కాలువ గట్ల మీద గడ్డికి నిప్పు పెడతారు. మోర్టార్‌లో దాగిన రోప్ ఆ మంటను కొంతైనా తట్టుకుంటుంది.

తనిఖీ, లోడ్ టెస్ట్

మళ్లీ అదే సుత్తి, అడుగు మొత్తం. బోలు వినిపించిన చోట కోసి మళ్లీ వేయాలి. 50 మి.మీ. డాలీ (గుండ్రటి లోహపు బిళ్ల) అతికించి పీకే పరీక్షలో 1.5 మెగాపాస్కల్ రావాలి, ఊడేది కూడా పాత కాంక్రీటులో నుంచే ఊడాలి, అతుకు దగ్గర ఊడితే ఆ పని ఒప్పుకోవద్దు.

ఆఖరున ఐఆర్‌సీ ఎస్పీ 51 ప్రకారం లోడ్ టెస్ట్. టిప్పర్లను కాంటా మీద తూకం వేయించి చీటీలు దగ్గర పెట్టుకోండి, డ్రైవర్ చెప్పిన టన్నులు రాసుకోవద్దు. డయల్ గేజీలు కింద స్వతంత్రంగా నిలబెట్టిన పరంజా మీద ఉండాలి, స్లాబుకి కట్టిన పరంజా మీద కాదు. బరువు దశల వారీగా ఎక్కించి 24 గంటలు ఉంచి, దించాక ఇంకో 24 గంటలకు వంగుడు ఎంత వెనక్కి వచ్చిందో చూస్తారు, ఆర్‌సీసీకి కనీసం 75 శాతం రావాలి. ఎండకే స్లాబు వంగుతూ లేస్తూ ఉంటుంది కాబట్టి ఉష్ణోగ్రత కూడా గంట గంటకూ రాయాలి, తెల్లవారుజాము రీడింగులనే ఒకదానితో ఒకటి పోల్చండి.

బలం ఎక్కించడానికి ముందు కూడా ఇదే టిప్పర్లతో తక్కువ బరువుకి ఒకసారి రీడింగులు తీసి ఉంచుకుంటే, పని వల్ల ఏం మారిందో కాగితం మీద కనిపిస్తుంది. బిల్లు సమయంలో అడిగేది ఆ కాగితమే. ఒక్కో రోప్ సాగుడు రాసిన పట్టిక, ఫెర్రూల్ పరీక్షలు, నీటి రిపోర్టు, యాంకర్ లాగుడు రిపోర్టు, అన్నీ ఒకే ఫైల్‌లో పెట్టి శాఖకు ఒక కాపీ ఇవ్వండి. తర్వాత ఎవరో వచ్చి గొట్టం కోసమో కేబుల్ కోసమో ఆ స్లాబు అడుగున డ్రిల్లింగ్ మొదలుపెట్టకుండా, మోర్టార్ మీదే పెద్ద అక్షరాలతో ‘లోపల టెన్షన్‌లో ఉన్న రోప్‌లు ఉన్నాయి, రంధ్రాలు చేయరాదు’ అని రాయించండి. మొదటి వానాకాలం అయ్యాక ఒకసారి కిందికి దిగి చూడండి, ముఖ్యంగా ఆనుడు గోడల దగ్గర ప్లేట్లు ఉన్న చోట. అక్కడ గోధుమ రంగు మరక కనిపిస్తే కింద ఏం చేసినా లాభం లేదు, పైకెక్కి ఎక్స్‌పాన్షన్ జాయింట్ (స్లాబు చివర సాగుడు కోసం వదిలిన సందు) చూసుకోండి, నీళ్లు దిగేది అక్కడి నుంచే.